పిల్లలతో రెండు రోజుల క్యాంపు: పొయ్యి పని ఇంటి దగ్గర, చేతి పని చెట్టు కింద

కార్తీక మాసంలో ఉసిరి చెట్టు కింద వనభోజనాలు చేయడం మనకు ఎప్పటినుంచో ఉన్న అలవాటే. ఇప్పుడు దానికి టెంటు, స్లీపింగ్ బ్యాగు తోడయ్యాయి. హైదరాబాద్ వాళ్లు దాదాపు 80 కిలోమీటర్ల దూరంలోని అనంతగిరి కొండలకు, గోదావరి జిల్లాల వాళ్లు మారేడుమిల్లికి, విశాఖ వాళ్లు అరకుకి శని, ఆదివారాల్లో పిల్లలతో బయల్దేరుతున్నారు. చాలా కుటుంబాల్లో తరవాత జరిగేది ఒకటే. దారిలో కొన్న చిప్స్ ప్యాకెట్లు సాయంత్రానికే అయిపోతాయి. అమ్మ అక్కడా పొయ్యి దగ్గరే కూర్చుంటుంది. పిల్లలు సిగ్నల్ కోసం ఫోను పట్టుకుని తిరుగుతుంటారు.

నూనె, పాకం, పిండి రుబ్బడం లాంటి పనులన్నీ ఇంటి దగ్గరే ముగించుకుని వెళ్లాలని, అక్కడికి చేరాక పిల్లలు కూడా చేయి వేయగల పనులే మిగలాలని నా గట్టి నమ్మకం. చేతిపనులు కూడా చేసి పక్కన పడేసేవి వద్దు. అక్కడికక్కడ అక్కరకొచ్చేవి ఎంచుకోండి: తినడానికి విస్తరి, ఆడుకోవడానికి పులి-మేక పటం, చీకటి పడ్డాక దీపం, పొద్దున్నే ఇడ్లీ ఉడికే ఆకు బుట్ట. తన చేత్తో కుట్టిన ఆకులో తినే పిల్లకు ‘తినమ్మా’ అని బతిమాలే పని ఉండదు.

కింద చెప్పిన కొలతలు ఇద్దరు పెద్దవాళ్లు, ఇద్దరు ముగ్గురు పిల్లలకు సరిపోతాయి.

రెండు రోజుల ముందు: అటుకుల చుడువా

ప్రయాణానికి దీన్ని మించిన చిరుతిండి లేదు. ఎండకు కరగదు, చలికి గట్టిపడదు, చేతికి అంటదు.

కావలసినవి: పలుచటి అటుకులు 250 గ్రాములు, పల్లీలు 100 గ్రాములు, పుట్నాల పప్పు 50 గ్రాములు, సన్నగా తరిగిన ఎండు కొబ్బరి అర చిప్ప, పచ్చిమిర్చి 4, కరివేపాకు రెండు మూడు రెబ్బలు, నూనె 4 టేబుల్ స్పూన్లు, పసుపు అర టీస్పూను, తగినంత ఉప్పు, పొడి చేసిన పంచదార ఒక టీస్పూను.

1. అటుకుల్ని జల్లించి నూక తీసేయండి. అడుగు మందంగా ఉన్న వెడల్పాటి మూకుడులో, సన్న సెగ మీద, నూనె లేకుండా అయిదారు నిమిషాలు వేయించండి. గరిటెతో గట్టిగా కలిపితే విరిగిపోతాయి, మూకుడునే అటూ ఇటూ కదపండి. ఒక అటుకుని వేళ్ల మధ్య నలిపితే పొడి కావాలి. వంగిందంటే ఇంకాస్త వేగాలి.

2. అటుకులు తీసేసి అదే మూకుడులో నూనె పోసి ముందు పల్లీలు, అవి చిటపటలాడాక కొబ్బరి, తరవాత పచ్చిమిర్చి, కరివేపాకు వేయండి. పచ్చిమిర్చి దగ్గర తొందర పడొద్దు. అందులో తడి ఏ కొంచెం మిగిలినా మర్నాటికి డబ్బా అంతా మెత్తబడుతుంది. ముక్క గలగలమనేదాకా వేగనివ్వండి.

3. పుట్నాలు వేసి ఒకసారి కలిపి స్టవ్ ఆపేయండి. పసుపు, ఉప్పు ఆ వేడి నూనెలోనే వేయాలి. అలా వేస్తేనే అన్నింటికీ సమంగా పడుతుంది. తరవాత అటుకులు, పంచదార కలపండి.

4. పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయండి. వేడి మీద మూత పెడితే మూతకు పట్టిన ఆవిరి మళ్లీ అటుకుల్లోకే దిగుతుంది.

పల్లీ పట్టీ

కొండలెక్కి దిగే పిల్లలకు ఇది కావాలి. పల్లీలు 2 కప్పులు, తురిమిన బెల్లం ఒకటిన్నర కప్పు, నీళ్లు 3 టేబుల్ స్పూన్లు, నెయ్యి ఒక టీస్పూను.

పల్లీల్ని సన్న సెగ మీద పది పన్నెండు నిమిషాలు వేయించి, చల్లారాక పిల్లలకు అప్పగించండి. వాళ్లు అరచేతుల మధ్య నలిపి, చేటలో వేసి ఊదుతూ పొట్టు ఎగరగొడతారు. ఇల్లంతా పొట్టే అవుతుంది, కానివ్వండి. పాకం పని మాత్రం పెద్దవాళ్లదే, ఆ సమయంలో పిల్లలు స్టవ్ దగ్గర ఉండకూడదు. బెల్లం పాకం చర్మానికి అంటుకుంటే ఊడదు, నూనె కంటే ఎక్కువ కాలుస్తుంది.

బెల్లాన్ని నీళ్లతో కరిగించి, ఇసుక పోయేలా వడగట్టి, మళ్లీ మరిగించండి. నురగ పైకి వచ్చి రంగు ముదరడం మొదలయ్యాక ఒక చుక్క చల్లటి నీళ్ల గిన్నెలో వేసి చూడండి. మెత్తగా ఉండ కడితే అది లడ్డూలకు పనికొచ్చే పాకం, పట్టీకి చాలదు. ఇంకో నిమిషం ఆగి మళ్లీ చూడండి. ఈసారి తీసిన ఉండను పళ్లెం మీద వేస్తే టంగుమనాలి, విరిస్తే పుటుక్కున విరగాలి. అప్పుడు స్టవ్ ఆపి, నెయ్యి, పల్లీలు వేసి చకచకా కలిపి, నెయ్యి రాసిన పళ్లెంలోకి వంపండి. నెయ్యి రాసిన అప్పడాల కర్రతో పరిచి, వేడి మీదే చాకుతో గాట్లు పెట్టండి. ఆరాక గాట్ల వెంట విరిస్తే చక్కగా ముక్కలవుతుంది.

ఐదేళ్లలోపు పిల్లలకు పల్లీలు గింజలుగా పెట్టకండి, గొంతులో అడ్డుపడే ప్రమాదం ఉంది. వాళ్ల కోసం అదే పల్లీలు, బెల్లం మిక్సీలో మెత్తగా తిప్పి చిన్న ఉండలు చుట్టండి. వేరే కుటుంబాలతో కలిసి వెళ్తుంటే వాళ్ల పిల్లల్లో ఎవరికైనా పల్లీలు పడవేమో ముందే అడగండి.

చలికాలమైతే సున్నుండలు కూడా చేసుకోవచ్చు. ఎండాకాలం కారులో అవి నెయ్యి వదిలేసి జారిపోతాయి.

సర్దుకోవడం

చిరుతిళ్లన్నీ స్టీలు డబ్బాల్లోనే. గుడి ఉన్న ప్రతి కొండ మీదా కోతులు ఉంటాయి, వాటికి కవరు కనిపిస్తే చాలు. డబ్బాలు కారులోనే ఉంచి కావలసినంత బయటికి తెచ్చుకోండి. రాత్రి టెంటులో తినే వస్తువు ఏదీ పెట్టుకోవద్దు, చీమలు కూడా దారి పట్టి వస్తాయి.

చేతిపనులకు ఒక గుడ్డసంచి చాలు. అందులో కొత్త చీపురు పుల్లలు, కొబ్బరి ఈనెలు, మొద్దు కొసల కత్తెర, జనపనార తాడు, పాత కాటన్ గుడ్డ, చింతగింజలు, ఖాళీ జామ్ సీసాలు రెండు వేసుకోండి.

చేరగానే: విస్తరి కుట్టడం

తెలంగాణ మెట్ట పొలాల్లో మోదుగ ఆకులు, ఉత్తరాంధ్ర ఏజెన్సీలో అడ్డాకులు విస్తళ్లకు వాడతారు. అరకు వైపు వెళ్తే సంతలో గిరిజన మహిళలు అడ్డాకుల కట్టలు అమ్ముతుంటారు, వాళ్ల దగ్గరే కొనండి, కుట్టడం ఎలాగో పిల్లలకు ఒకసారి చూపించమని అడగండి. ఏమీ దొరక్కపోతే ఇంటి దగ్గరి బాదం చెట్టు ఆకులు, మర్రి ఆకులు తడిగుడ్డలో చుట్టి తీసుకెళ్లండి. రిజర్వు అడవిలో మాత్రం ఆకు కోయకండి. జిల్లేడు, గన్నేరు, ఉమ్మెత్త ఆకులు తిండికి దగ్గరగా కూడా రానివ్వకూడదు. ఈ మూడూ విషపు మొక్కలని పిల్లలకు ముందే చూపించి చెప్పండి.

ఆకుల్ని కడిగి, తుడిచి, కాడలు తుంచండి. ఒక పెద్ద ఆకును నడిమిన పెట్టి, నిగనిగలాడే వైపు పైకి ఉండేలా, చుట్టూ మిగతా ఆకుల్ని రెండు వేళ్ల వెడల్పు ఒకదానిమీద ఒకటి ఎక్కేలా పేర్చండి. చీపురు పుల్లను పైనుంచి గుచ్చి, అరంగుళం దూరంలో మళ్లీ పైకి తీసి, మిగిలింది విరిచేయాలి. అదే ఒక కుట్టు. మొదటి విస్తరి వంకరగా వస్తుంది, ఆకు చిరుగుతుంది. మూడోదానికి పిల్లల చేతికి అలవాటవుతుంది. పుల్లను నిటారుగా పొడవకుండా ఏటవాలుగా తోస్తే ఆకు చిరగదని వాళ్లే కనిపెడతారు. కుట్టినవి ఒకదానిమీద ఒకటి పెట్టి పైన బరువు పెడితే గంటలో సాపు అవుతాయి.

పెద్ద బాదం ఆకు ఒక్కటి ఉంటే పొట్లం దొప్ప తయారు. ఆకును గరాటాలా చుట్టి, అంచు దగ్గర ఒక పుల్ల గుచ్చితే సరి. సాయంత్రం మిక్చర్ తినడానికి ఇదే గిన్నె. చాలామంది అలవాటుగా న్యూస్‌పేపర్ పొట్లం కడతారు. ఆ సిరా తిండికి అంటుకుంటుందని, ఆరోగ్యానికి మంచిది కాదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లోనే హెచ్చరించింది. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, స్పూన్ల మీద 2022 జులై 1 నుంచి దేశమంతా నిషేధం ఉంది. ఆకు దొప్ప అయితే ఈ రెండింటితోనూ తంటా లేదు.

సాయంత్రం: మరమరాల మిక్చర్

బెజవాడ వీధుల్లో పిడత కింద పప్పు తిన్నవాళ్లకు ఈ రుచి కొత్తగా చెప్పక్కర్లేదు. నిప్పు అవసరం లేదు కాబట్టి మొత్తం పిల్లల చేతికే ఇవ్వొచ్చు.

రుచంతా కలిపే వరసలో ఉంది. వెడల్పాటి గిన్నెలో ముందు సన్నగా తరిగిన ఉల్లిపాయ, గింజలు తీసేసిన టమోటా ముక్కలు, ఉప్పు, కారం, ఒక నిమ్మచెక్క రసం, రెండు స్పూన్ల నూనె వేసి చేత్తో పిసకాలి. ఉల్లిపాయ కాస్త మెత్తబడి ఎర్రటి రసం ఊరుతుంది. తరవాత పల్లీలు, కొత్తిమీర. అందరూ దొప్పలు పట్టుకుని కూర్చున్నాకే నాలుగు పెద్ద కప్పుల మరమరాలు పోసి, పైకీ కిందికీ తిప్పి వెంటనే వడ్డించండి. మరమరాలు ఐదు నిమిషాల్లో నానిపోతాయి. ఎవరైనా వాగు దగ్గరికి వెళ్లి ఉంటే వాళ్లు వచ్చాక వాళ్లకు విడిగా కలపండి. ఐదేళ్లలోపు పిల్లల దొప్పలోకి పల్లీలు పడకుండా చూసుకోండి.

నిర్వాహకులు నిప్పుకు స్థలం ఇచ్చిన క్యాంపు అయితే మొక్కజొన్న కంకులు బొగ్గుల మీద కాల్చండి. మంట ఆరి బొగ్గు బూడిద రంగులోకి వచ్చాకే పెట్టాలి, లేకపోతే పైన మాడి లోపల పచ్చిగా ఉంటుంది. చిలగడదుంపల్ని వేడి బూడిదలో కప్పెట్టి అరగంట పైన వదిలేయండి. రిజర్వు అడవిలో సొంతంగా నిప్పు రాజేయడం నేరం, ఆకులు రాలే ఫిబ్రవరి నుంచి మే వరకు ఒక్క నిప్పురవ్వ చాలు కొండ కాలిపోవడానికి.

చీకటి పడే వేళకు: సీసా దీపం, పులి-మేక

దీపానికి సగం పని ఇంట్లోనే అవ్వాలి. వారం ముందు రాలిన చిన్న ఆకుల్ని పుస్తకంలో పెట్టి అణచండి. రెండు స్పూన్ల మైదాను కప్పు నీళ్లలో ఉడికిస్తే జిగురు తయారు. జామ్ సీసా బయట ఆ జిగురు రాసి, ఆకులు అంటించి, పైన పలుచటి పతంగి కాగితం చుట్టి ఆరనివ్వండి. క్యాంపులో సీసా అడుగున రెండు వేళ్ల ఎత్తు ఇసుక పోసి చిన్న కొవ్వొత్తి నిలబెట్టాలి. సీసా మెడకు తాడు రెండు చుట్లు చుట్టి ముడేసి పిడి కట్టండి. కాగితం సీసా అంచు దాటి పైకి రాకూడదు. ఈ దీపం బయట రాతి మీదే. టెంటు గుడ్డ నైలాన్, ఇట్టే అంటుకుంటుంది. లోపలికి కావాలంటే కొవ్వొత్తి బదులు చిన్న ఎల్‌ఈడీ లైటు వేయండి.

ఆ వెలుగులో ఆడటానికి పులి-మేక. పటాన్ని పాత కాటన్ గుడ్డ మీద పెన్సిల్‌తో గీసి మార్కర్‌తో దిద్దండి, కుట్టు వచ్చిన పిల్లలుంటే గీతల వెంట కాడకుట్టు కుట్టించండి. గీసే పద్ధతి ఇది:

పైన ఒక చుక్క పెట్టండి, అది కొండ. దాని నుంచి కిందికి విచ్చుకునేలా నాలుగు ఏటవాలు గీతలు గీయండి. వాటి కొసలన్నింటినీ అడుగున ఒక అడ్డగీతతో కలపండి. కొండకూ అడుగు గీతకూ మధ్య ఇంకో మూడు అడ్డగీతలు గీయాలి, ఇవి రెండు వైపులా త్రికోణం దాటి బయటికి రావాలి. బయటికి వచ్చిన కొసల్ని ఎడమ వైపు ఒక నిలువు గీతతో, కుడి వైపు మరో నిలువు గీతతో కలపండి. గీతలు కలిసే చోట్లన్నీ లెక్కపెడితే 23 రావాలి: కొండ 1, మూడు అడ్డగీతల మీద ఆరేసి చొప్పున 18, అడుగున 4. లెక్క తప్పితే ఎక్కడో గీత తక్కువైంది.

పులులు 3, మేకలు 15. పులులకు గులకరాళ్లు, మేకలకు చింతగింజలు. ఒక పులి కొండ మీద, మిగతా రెండు దాని కింది అడ్డగీతకు నడిమి రెండు చోట్ల కూర్చుంటాయి. మేకల వాళ్లు ఒక్కో గింజ పెడుతుంటే పులి ఒక్కో అడుగు కదులుతుంది. 15 మేకలూ దిగేదాకా మేకలు కదలకూడదు. పక్కనున్న మేకను దాటి అదే గీత మీద ఖాళీ చోటుకు దూకగలిగితే పులి ఆ మేకను తిన్నట్టు. మూడు పులులకూ కదిలే దారి లేకుండా కట్టేస్తే మేకలది గెలుపు. చిన్నవాళ్లకు మేకలు ఇచ్చి, తాతయ్యనో అమ్మమ్మనో వాళ్ల పక్కన కూర్చోబెట్టండి. ఓపిగ్గా అంచుల నుంచి కమ్ముకుంటూ రావడం పెద్దవాళ్లకే బాగా తెలుసు.

ఆదివారం పొద్దున: పొట్టిక్కలు

తిండీ చేతిపనీ ఒకటే అయిపోయే వంట కోనసీమ వాళ్ల పొట్టిక్క. పనసాకు బుట్టలో ఇడ్లీ పిండి పోసి ఆవిరి మీద ఉడికిస్తారు. పచ్చి ఆకు వాసన పిండిలోకి దిగి, మామూలు ఇడ్లీకి రాని రుచి వస్తుంది. ఈ రెండు రోజుల్లో ఒక్కటే చేయగలిగితే ఇదే చేయమంటాను.

పిండి: మినపప్పు 1 గ్లాసు, ఇడ్లీ రవ్వ 2 గ్లాసులు. శుక్రవారం రాత్రి పప్పు నానబెట్టి, శనివారం బయల్దేరే ముందు గట్టిగా రుబ్బండి. కడిగి పిండిన రవ్వ, ఉప్పు కలిపి స్టీలు క్యానులో సగం వరకే పోయండి, పిండి పొంగడానికి చోటుండాలి. మూత బిగించొద్దు. కొండ మీద రాత్రి చలిగా ఉంటే క్యానుకు దుప్పటి చుట్టండి. ఎండాకాలమైతే తెల్లారేసరికి బాగా పులిసిపోతుంది, అందుకే ఇది చలికాలం వంట.

బుట్ట: ఒక్కోదానికి నాలుగు పెద్ద పనసాకులు, ఐదు కొబ్బరి ఈనెలు. ఈనెల్ని రెండంగుళాల ముక్కలుగా ముందే విరిచి పెట్టుకోండి. ఆకుల కాడలు తుంచి, ఆ కొసలు నడిమిన బాగా ఒకదానిమీద ఒకటి ఎక్కేలా ప్లస్ గుర్తులా పరచండి. నడిమిన ఒక ఈనెతో నాలుగూ కలిపి కుట్టండి. ఇక పక్కపక్క ఆకుల అంచుల్ని దగ్గరికి లాగి, ఒకదానిమీద ఒకటి ఎక్కించి, ఒక్కో మూల ఒక్కో ఈనె గుచ్చండి. నాలుగో మూల పూర్తయ్యేసరికి ఆకులు లేచి బుట్ట నిలబడుతుంది. ఎత్తి వెలుతురుకు పెట్టి చూడండి, అడుగున చిల్లు కనిపిస్తే లోపల చిన్న ఆకు ముక్క పరచండి.

ముప్పావు వంతు పిండి పోసి, వెడల్పాటి గిన్నెలో రెండు వేళ్ల ఎత్తు నీళ్లు పోసి, చిల్లుల పళ్లెం మీద బుట్టల్ని ఒకదానికొకటి ఆనించి నిలబెట్టండి. మూత పెట్టి 20 నుంచి 25 నిమిషాలు. ఈనె గుచ్చి తీస్తే పిండి అంటకూడదు. పిల్లలకు పెట్టే ముందు పెద్దవాళ్లే ఈనెలు పీకి, ఒక్కో బుట్టకు ఐదూ వచ్చాయో లేదో లెక్క చూడాలి. ఇందులో మినహాయింపు లేదు. కారప్పొడి, నెయ్యి ఇంటి నుంచి తెచ్చుకుంటే చట్నీ బెంగ ఉండదు.

పనసాకు దొరకని ఊళ్లో, అమెరికాలో క్యాంపుకి వెళ్లే మనవాళ్లు అయితే ఇండియన్ స్టోరు ఫ్రీజరులో దొరికే అరిటాకు వాడండి. సెగ మీద ఒకసారి చూపిస్తే మెత్తబడుతుంది. చిన్న స్టీలు గ్లాసులో దాన్ని చుట్టి పరిచి పిండి పోస్తే చాలు.

బయల్దేరే ముందు: గిలక, బూర

ఇవి నిమిషాల్లో అయిపోతాయి. గిలకకు రెండు వేళ్ల వెడల్పు, జానెడు పొడవున్న తాటాకు ముక్కలు రెండు. ప్లస్ గుర్తులా పెట్టి నడిమిన తుమ్మ ముల్లు గుచ్చండి. ముల్లు మొదలు ముందువైపు ఉంటే ఆకు జారదు. రంధ్రం ముల్లు కంటే కాస్త వదులుగా ఉండాలి. నాలుగు రెక్కల్నీ ఒకే వైపుకు కొంచెం మెలితిప్పి, ముల్లు కొసను జొన్న దంటు చివర గుచ్చండి. గాలికి ఎదురు పరుగెత్తితే తిరుగుతుంది. తిరగకపోతే ఏదో ఒక రెక్క ఎదురు మెలిక పడిందని అర్థం. ముల్లు గుచ్చే పని పెద్దవాళ్లది.

బూరకు కొబ్బరాకు ఒక్కటి చాలు. ఈనె తీసేసి, సన్నటి కొస నుంచి మొదలుపెట్టి ఏటవాలుగా చుట్టుకుంటూ పోతే గరాటా అవుతుంది. చివర ఈనె గుచ్చి, సన్నటి మూతిలో మడిచిన చిన్న ఆకు ముక్క పెట్టి, కాస్త నొక్కి ఊదండి. అడవి జంతువులుండే చోట ఇది మోగించొద్దు, కారు ఊరు దాకా వచ్చాక ఇవ్వండి.

వాడిన విస్తళ్లలోంచి ఉప్పు, కారం ఉన్న తిండి దులిపి, పుల్లలు పీకి, ఆకుల్ని ఇంటికి తెచ్చి కుండీల్లో ఎరువుగా వేయండి. పుల్ల ఉన్న ఆకు ఆవుకు పెట్టకూడదు. పొయ్యి మీద నీళ్లు పోసి, కర్రతో కలిపి, మళ్లీ పోయండి. అరచేయి బూడిదకు దగ్గరగా పెట్టి చూస్తే వేడి తగలకూడదు. తగిలితే ఇంకో బకెట్ పోసి, అది చల్లారాకే కారెక్కండి.